బొమ్మకప్ప, కొరమీను, మన కట్టుబాటు

ఛందస్సు, వ్యాకరణం, పాత కావ్యాల ముచ్చట్లు వ్రాసుకొనే ఈ పుటలో చేపల వేట ఏమిటని బ్లాగ్మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. చెరువు కట్ట మీద గాలం పట్టుకొని కూర్చున్న నన్ను చూసి మా ఊరి పిల్లలకూ అదే ఆశ్చర్యం. "ఏం అయ్యవారూ, పద్యం చదివితే చేప పడుతుందా?" అని ఒకడు అడిగాడు కూడాను. పడదు. పద్యానికి పడని చేప ప్లాస్టిక్ కప్పకు పడుతుంది. ఆ ప్లాస్టిక్ కప్ప గురించే ఈ టపా.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. దట్టమైన కలుపులో దాగిన చేపను ఇంతకాలం ఆ కలుపే కాపాడింది. ఇప్పుడు కలుపును దాటి పోయే ఎర మన చేతికి వచ్చింది. అడ్డు తొలగినప్పుడు ఆ అడ్డు చేసిన పని మనిషే చేయాలి. అంటే, ఎక్కడ గాలం వేయకూడదో తనకు తానే నిర్ణయించుకోవాలి.

ముందుగా చేప సంగతి. కొరమీను మనకు కొత్తది కాదు. కోస్తాలో కొర్రమట్ట అంటారు. తెలంగాణ రాష్ట్రం 2016లో దీనినే తన రాష్ట్ర చేపగా ప్రకటించుకొన్నది. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఉబ్బసానికని ఇచ్చే చేపమందులో మింగించే పిల్ల కూడా సాధారణంగా కొరమీను పిల్లే. ఆ మందు గుణం మాట వైద్యులకు వదలిపెడతాను. ఆ చేప బ్రతుకు మాత్రం నిజంగా అబ్బురమే. మొప్పలతో బాటు దాని తలలో గాలిని పీల్చుకొనే అర ఒకటి ఉన్నది. కొద్దికొద్ది సేపటికి పైకి వచ్చి ఒక గుక్క గాలి మ్రింగి మళ్ళీ అడుగుకు పోతుంది. అందుచేత కుళ్ళిన ఆకులతో ఊపిరాడని నీటిలో, ఇతర చేపలు తేలిపోయే నీటిలో ఇది హాయిగా బ్రతుకుతుంది. చెరువు ఇంకి బురద మిగిలితే ఆ బురదలో దిగబడి తడి ఉన్నంతకాలం ఓర్చుకొంటుంది. వాన పడిన రాత్రి తడినేల మీద పాకి ప్రక్క గుంటకు చేరిన సందర్భాలు పల్లెల్లో చాలామంది చూచినవే.

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురానికి ఇంతకంటె తగిన చేప ఏముంటుంది? కరవు సీమ రైతు ఓర్పు ఎటువంటిదో ఈ చేప ఓర్పూ అటువంటిదే.

ఈ చేప కాపురం కలుపులో. జమ్ము, తుంగ, తామర, తూటికాడ, నాచు, ఈమధ్య గుర్రపుడెక్క, నీరు నిండినప్పుడు మునిగిపోయే సీమతుమ్మ కంప – ఇవన్నీ దాని కోటగోడలు. వెంటపడి తరిమి తినే వేటకాడు కాదు ఇది. ఆకుల నీడలో కదలకుండా పొంచి ఉండి, నీటి పైన కప్పో తూనీగో ఎలుకపిల్లో కదలితే ఒక్క ఉదుటున పైకి లేస్తుంది. ఆ చప్పుడు విన్నవాడు మరచిపోడు. నిశ్శబ్దంగా ఉన్న నీటిలో ఎవరో బండరాయి విసరినట్లుంటుంది.

ఆ కోటలోకి మనిషికి ప్రవేశం కష్టం. విసురువల అక్కడ విచ్చుకోదు. జమ్ము మీదే పడి చిక్కుకుంటుంది. వానపాము గుచ్చిన మామూలు గాలం నీటిలోకి దిగకముందే తామరకాడకు తగులుకుంటుంది. నా చిన్ననాట మా ఊరి బెస్తల పెద్దాయన ఒకాయన పొడవాటి వెదురు గడకు లావు దారం కట్టి, బ్రతికున్న కప్పను కొక్కేనికి గుచ్చి, ఆకుల మధ్య అరచేయంత నీటి కంత కనబడినచోట దానిని దించి పైకీ క్రిందికీ ఆడించేవాడు. గడ అందినంత మేరకే ఆయన వేట. ఆ పైన ఉన్న తామరవనమంతా చేపదే. కట్ట మీద నుంచి చూచే మాకు అది తెలియకుండానే ఒక సరిహద్దు. గడ పొడవు ఎంతో మన హక్కు అంత.

గాలమన్నది మన వాఙ్మయానికి అంటరాని వస్తువేమీ కాదు. అమరకోశం బడిశమనే మాటను చేపలను పట్టే కొక్కేనికి చెబుతున్నది. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు వ్రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే ఉన్నది. ఏ చేపకు ఏ మేత వేయాలి, దానిని ఎట్లా మరపాలి, గాలం ఎట్లా వేయాలి అని రాజుగారు ఓపికగా చెప్పారు. బ్రిటిషు కాలంలో మదరాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ భారతదేశంలో గాలపు వేట గురించి 1873లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. రాజుకైనా దొరకైనా కలుపు కలుపే. గాలం తగులుకొంటే తగులుకొన్నట్లే.

ఆ చిక్కును విప్పినది ప్లాస్టిక్. అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో నిక్ క్రీమ్ అనే ఆయన 1949లో మెత్తని ప్లాస్టిక్‌తో వానపామును పోతపోసి అమ్మకానికి పెట్టాడు. అక్కడి బాస్ అనే చేప కూడా మన కొరమీను వలెనే కలుపులో పొంచి ఉండే జాతి. రబ్బరు వలె సాగే ఆ బొమ్మ ఒడలిలోనే కొక్కెపు మొనను దాచివేయవచ్చునని వేటగాళ్ళు కనిపెట్టారు. మొన దాగి ఉంటే ఏ కాడకూ తగులుకోదు. చేప కొరికినప్పుడు మెత్తని ఒడలు నొక్కుకుపోయి మొన బయటికి వస్తుంది. ఆ వరుసలో వచ్చినదే బొమ్మకప్ప. లోపల డొల్లగా ఉండి తేలుతుంది. రెండు కొక్కేలు దాని వీపును అంటుకొని పైకి చూస్తూ ఉంటాయి. వెనుక కాళ్ళ బదులు రెండు కుచ్చుల తోకలు. దూరంగా తామరాకుల మీదికి విసరి మెల్లగా లాగితే ఆకు మీద నుంచి ఆకు మీదికి జారుతూ, నీటి కంత వచ్చినప్పుడు దానిలోకి దూకుతూ వస్తుంది. ఇప్పుడు మన పట్టణాల్లోనూ, అంతర్జాలపు అంగళ్ళలోనూ ఇవి దొరుకుతున్నాయి. కొరమీను కొఱకని ప్రత్యేకంగా చిన్నవిగా చేసినవి కూడా ఉన్నాయి.

దీనికి ఓపిక ఒక్కటే విద్య. చేప లేచి నీరు ఎగజిమ్మగానే గుండె అదిరి చేయి లాగుతుంది. లాగితే కప్ప ఒక్కటే తిరిగి వస్తుంది. చేప నోరు మూసి, మరలి, దారం బరువెక్కేదాకా ఒక క్షణం ఆగాలి. ఆగిన తరువాత ఇక ఆలస్యం పనికిరాదు. కడ్డీ బిరుసుగా, దారం అల్లికదై గట్టిగా ఉండాలి. చేప తల క్రిందికి త్రిప్పి కాడల్లో చుట్టుకొనేలోపల దానిని ఆకుల పైకి ఎత్తి లాగివేయాలి. నలభై ఏళ్ళు పిల్లలకు విరామచిహ్నాలు నేర్పిన నాకు ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం ఈ వయసులో కప్ప నేర్పింది.

ఈ బొమ్మ వలన కలిగిన మేలును మొదట ఒప్పుకోవాలి. బ్రతికున్న కప్పను వీపున గుచ్చి గంటల తరబడి ఆడించడం చిన్నప్పుడు చూచి అలవాటైపోయింది గాని, అది చూడదగ్గ దృశ్యం కాదు. కప్ప పొలానికి నేస్తం. పురుగులను తిని పైరును కాస్తుంది. కప్పకాళ్ళను విదేశాలకు అమ్ముకొని డబ్బు చేసుకొంటున్న కాలంలో ఆ నష్టాన్ని గుర్తించి 1987లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఎరగా పోయే కప్పల సంఖ్య ఆ ఎగుమతి ముందు చిన్నదే కావచ్చు. అయినా ఒక ప్రాణి కొఱకు ఇంకొక ప్రాణిని హింసించే పని తప్పినది. కనుక బొమ్మకప్పను విదేశీ విలాసమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను.

చిక్కు వేరొకచోట ఉన్నది. దానిని నేను నా తప్పు ద్వారానే తెలుసుకొన్నాను.

2022 వానలకు మా ఊరి చెరువు చాలా ఏళ్ళకు నిండి మరువ పారింది. టెక్సస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఆ రోజుల్లో ఇంటికి వస్తూ ఒక పెట్టెడు బొమ్మకప్పలు తెచ్చాడు. వాడికి అక్కడ బాస్‌ల వేట అలవాటు. ఒక ఉదయం ఇద్దరమూ తూము దగ్గర నిలబడ్డాము. చాలా సేపు ఏమీ కదలలేదు. అంతలో కట్టకు కొంత దూరంలో, జమ్ము అంచున, నీటి మీద ఎర్రగా ఒక మరక కనిపించింది. కుంకుమ కలిపినట్లు, దోసిలి కంటె కొంచెం పెద్దది. సన్నని చినుకులు పడుతున్నట్లు అక్కడ నీరు చిటపటలాడుతున్నది. అవి కొరమీను పిల్లలు. పుట్టిన కొద్దివారాల పాటు వాటి రంగు అదే. గుంపుగా తిరుగుతూ గుంపుగా గాలి కొఱకు పైకి వస్తాయి. వాటి క్రింద, కనబడకుండా, పెద్దచేప కాపలా ఉంటుంది.

మేనల్లుడికి తెలియదు. నాకు తెలుసు. చిన్నప్పుడు నేర్చిన తెలివి గదా! "అదిగో, ఆ ఎరుపు మీదుగా వెయ్యిరా, తప్పకుండా లేస్తుంది" అన్నాను. వాడు వేశాడు. కప్ప ఆ మరకను దాటగానే నీరు పగిలింది. వాడు బాగా ఆగాడు, బాగా లాగాడు. కిలోన్నర పైన ఉంటుంది. ఇద్దరమూ సంతోషించాము. ఇంట్లో వంట బాగా కుదిరిందన్నారు.

మరునాడు నడకకు పోయినప్పుడు చూస్తే ఆ మరక అక్కడే ఉన్నది, కాని చిన్నదైంది. జమ్ము మీద లకుముకి పిట్ట కూర్చుని ఉన్నది. ఇంకొంచెం దూరంలో రెండు నీటికాకులు. మూడవనాడు నీరు చిటపటలాడిన చోటు అరచేయంత కూడా లేదు. నాలుగవనాడు ఏమీ లేదు. అన్నీ పిట్టలే తిన్నాయని ప్రమాణం చేసి చెప్పలేను. కొన్ని చెదరి ఉండవచ్చు. కాని కాపలాదారును తీసివేసినది నేనే. పిట్టలను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

అప్పటినుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. ఆ చేప ఆ కప్పను ఎందుకు పట్టింది? ఆకలితో కాదు. ఆకలిగొన్న చేప ఎరకు లొంగడం వేట. అందులో మోసం ఉన్నా అది అనాదిగా ఉన్న మోసమే, ప్రకృతిలోనూ ఉన్నదే. ఆ చేప మాత్రం కప్పను తన పిల్లలను తినవచ్చిన శత్రువనుకొన్నది. మారీచుడు బంగారులేడియై వచ్చినప్పుడు ఆశకు ఎర వేశాడు. మేము ఆశకు కాదు, బిడ్డల మీది భయానికి ఎర వేశాము. దేనిని మోసగిస్తున్నామన్న భేదం వేటలో ఉన్నదని నా అభిప్రాయం. లేదంటే వేటకూ వంచనకూ మధ్య గీత ఎక్కడ గీస్తాము?

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. బాస్ జాతిలో కూడా మగచేప గూడు కట్టి గుడ్లనూ పిల్లలనూ కాస్తుంది. గూడు మీదున్న చేపపై గాలం వేయవచ్చునా అన్న వాదం అమెరికాలో వేటగాళ్ళ మధ్యనే చాలాకాలంగా ఉన్నది. ఉత్తర అమెరికాలో కొన్ని ప్రాంతాలు గుడ్లు పెట్టే కాలంలో వేటకు ఆంక్షలు పెట్టాయి కూడా. మా మేనల్లుడికి ఈ సంగతి చెబితే, "మామా, అక్కడ ఆ కాలంలో నేను పట్టినా వదిలేస్తాను. ఇక్కడ నువ్వే వెయ్యమన్నావు గదా" అన్నాడు. పంతులుకు అంతకంటె శిక్ష ఏమి కావాలి?

మన సీమలో ఈ మాటకు ఇంకొక బరువు ఉన్నది. చెరువు నిండినప్పుడు మత్స్యశాఖవారో సంఘాలవారో వదిలే పిల్లలు సాధారణంగా బొచ్చె, రోహు వంటి మేతచేపలవి. అవి లారీలలో వస్తాయి. పోయిన ఏడు అయిపోయినా ఈ ఏడు మళ్ళీ తెచ్చి పోయవచ్చు. కొరమీను సాటి చేపలను తినేది గనుక వాటితో కలిపి దానిని పోయరు. అది తనంతట తాను నిలవాలి. మా చెరువులో ఉన్న కొరమీను గతంలో ఎండిన ఏళ్ళను దాటి, ఏ మడుగులోనో ఏ వంకలోనో తలదాచుకొన్న పదీ ఇరవై చేపల సంతానమే. వరుసగా నాలుగేళ్ళు చెరువు నిండకపోవడం మాకు వింత కాదు. నిండిన ఒక్క ఏడు పుట్టిన పిల్లలే ఆ నాలుగేళ్ళకు విత్తనం. కోనసీమలో ఒక పిల్లల మంద పోతే ప్రక్క కాలువలో మరొకటి ఉంటుంది. ఇక్కడ విత్తనపు వేరుసెనగను వేయించుకొని తిన్నట్లే. కరవు చూచినవారికి ఈ పోలిక వివరించనక్కరలేదు.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. "వేసవిలో నీరు తగ్గగానే వేలం పాడుకొన్నవారు వలలతో ఊడ్చేస్తారు, ఊరంతా బురదలో దిగి పట్టుకుంటుంది. నీ ఒక్క గాలం ఆగితే ఏమి, ఆగకపోతే ఏమి?" అంటారు. నిజమే. కాని వారిది జీవనం, నాది కాలక్షేపం. జీవనానికి ఉన్న మినహాయింపును కాలక్షేపం కోరకూడదు. పైగా వల పడేది నీరు తగ్గిన తరువాత, పిల్లలు కొంత ఎదిగి చెదరిన తరువాత. మునుపు జమ్ములోకి ఏ వలా పోలేదు గనుకనే ఏటా కొన్ని మిగిలాయి. బొమ్మకప్ప సరిగ్గా ఆ మిగిలినచోటికే పోతున్నది. "అసలు వేటే హింస, ఇందులో ధర్మాధర్మ విచారమేమిటి?" అనే మిత్రులూ ఉన్నారు. వారి మాటకు నా వద్ద పూర్తి సమాధానం లేదు. చేప తినే ఇంట పుట్టి తినడం మానలేదు. తినేవాడు ఇంతవరకే అని గీత గీసుకోవడం, గీతే లేకపోవడం కంటె మేలని మాత్రం అనగలను.

మన పెద్దలు చెరువుకు లెక్కలు వ్రాసి పెట్టారు. 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ చెబుతున్నది. గాలం పట్టేవారి కట్టుబాటు అందులో చేరదు గాని, చెరువును వాడుకొనేవాడికి నియమం ఉండాలన్న బుద్ధి అక్కడిదే. నేను నాకు పెట్టుకొన్న నియమాలు మూడు.

ఒకటి: నీటి మీద ఎరుపు కనిపిస్తే ఆ దిక్కుకు గాలం వేయను. అక్కడ చేప ఉన్నదని ఎంత నిశ్చయంగా తెలిస్తే అంత దూరం జరుగుతాను.

రెండు: చెరువు ఒక్క మడుగుగా కుంచించుకొన్నప్పుడు కడ్డీని అటక ఎక్కిస్తాను. పారిపోవడానికి చోటు లేని చేపను పట్టడంలో విద్య లేదు.

మూడు: తెగిన బొమ్మను వదలి రాను. మెత్తని ప్లాస్టిక్ నీటిలో కుళ్ళదు. అంతకంటె ముఖ్యం, మా చెరువు ఎండుతుంది. ఎండిన చెరువులో పశువులు మేస్తాయి, పిల్లలు ఉత్తకాళ్ళతో ఆడుకుంటారు, రైతులు పూడికమట్టిని పొలాలకు తోలుకుంటారు. జమ్ములో చిక్కిన జంట కొక్కెం ఏ ఎద్దు గిట్టలోనో ఏ పసివాడి అరికాలిలోనో తేలుతుంది. అమెరికా సరస్సులో అడుగుకు పోయినది అక్కడే ఉంటుంది. అనంతపురం చెరువులో అడుగుకు పోయినది వేసవికి పైకి వస్తుంది. అందుచేత చేతికి అందని చోటికి విసరను. తెగితే, నీరు తగ్గినాక వెదకి తెచ్చుకుంటాను. ఇప్పటికి రెండు దొరికాయి, ఒకటి దొరకలేదు. దాని కొఱకు ఇంకా చూస్తున్నాను.

శతపథ బ్రాహ్మణంలో మనువు చేతిలోకి ఒక చేపపిల్ల వస్తుంది. చిన్నగా ఉన్నంతకాలం మాకు అపాయం ఎక్కువ, చేపను చేపే తింటుంది, నన్ను కాపాడు అని అడుగుతుంది. మనువు దానిని మొదట కుండలో, తరువాత గుంటలో, చివరకు సముద్రంలో పెట్టి పెంచుతాడు. ఈ కథను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కొరమీను పిల్లకు మనువు అక్కరలేదు. దాని కాపరి దానికి ఉన్నది. మనం చేయవలసినదల్లా ఆ కాపరిని కాపలాలో ఉండనివ్వడమే.

మీ ప్రాంతంలో ఈ ఎర్రపిల్లల మందకు ప్రత్యేకంగా పేరు ఏదైనా ఉంటే వ్యాఖ్యలలో తెలియజేయగలరు. మా పల్లెలో "ఎర్రపిల్లలు" అనే అంటాము. ఇంతకంటె మంచి మాట ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

స్వస్తి.